దొర తగలబెట్టిన పడవ

ఇంగ్లండు నుంచి అతిథి వస్తున్నాడని తెలిసిన రోజు ఇంట్లో అందరూ హడావిడిగా ఉన్నారు. హబూబా ఒక్కతే మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

హబూబా అంటే మస్కట్ వైపు మాటలో నాయనమ్మ. మనవలు ఆమెను అలా పిలిచేవారు, నేనూ అదే పిలుపు పట్టుకున్నాను. మా కడప వైపు అయితే జేజీ అని పిలిచేదాన్ని. తొంభైకి అటూ ఇటూగా ఉంటుంది ఆమె వయసు. కచ్చితంగా ఎంతో ఆమెకే తెలియదు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక ఆమెను చూసుకోవడానికి నన్ను ఆమె ఊరికి పంపారు. అంతకుముందు నేను మస్కట్ పక్కన అల్ ఖౌద్‌లో ఆమె కొడుకు ఇంట్లో వంట చేస్తూ, పిల్లల్ని చూసుకుంటూ ఉండేదాన్ని. కొడుకును నేను బాబా అనేదాన్ని. అక్కడ ఇళ్లలో పనిచేసే మేమందరం యజమానిని అలాగే అంటాం. పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడతాడు. చెడ్డవాడు కాడు. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే ఆ రోజు ఆయన మీద వచ్చినంత కోపం నాకు ఆ ఇంగ్లీషాయన మీద కూడా రాలేదు.

ఊరి పేరు రాయను. సూర్ పట్నం దాటి సముద్రం వెంట చాలాసేపు పోవాలి. చేపలు పట్టేవాళ్ల ఊరు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క మొక్క మొలవని నేల. ఊరి చివర ఒక పాత రాతి కట్టడం, దాని వెనుక బీటలు వారిన సిమెంటు నేల, ఇంకాస్త దూరంలో ఒక బావి. పెద్ద యుద్ధం రోజుల్లో తెల్లవాళ్లు అక్కడ విమానాలు దిగే చోటు కట్టుకున్నారు. దేశానికి సుల్తాను ఉండేవాడు, జెండా ఉండేది. పేరుకు అది తెల్లవాళ్ల రాజ్యం కాదు. అయినా ఆ ఒడ్డున ఒక దొర నోటి మాటే చట్టం. ఇదంతా నేను పుస్తకాల్లో చదవలేదు. హబూబా కాళ్లకు నూనె రాస్తూ కూర్చున్న మధ్యాహ్నాల్లో విన్నాను.

నేను ఇంటర్ చదివాను. రాయచోటిలో ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు పాఠాలు కూడా చెప్పాను. మా పుస్తకంలో యుద్ధం అంటే హిట్లరు, బాంబులు, చివర్లో ఎవరో సంతకాలు పెట్టిన కాగితం. ఎక్కడో ఎడారి ఒడ్డున ఎవరిదో బావికి ముళ్లకంచె వేస్తే అదీ యుద్ధంలో భాగమేనని మాకు ఎవరూ చెప్పలేదు, నేనూ పిల్లలకు చెప్పలేదు.

హబూబా అరబ్బీ నాకు నెమ్మదిగా అబ్బింది. ఆమె మాటల్ని ఇక్కడ మా ఊరి మాటల్లోనే రాస్తున్నాను. నా చెవిలో అవి అట్లాగే పడేవి.

"ఊరంతటికీ తియ్యనీళ్ల బాయి అదొక్కటే, బింతీ" అనేది. బింతీ అంటే నా కూతురా అని. "తక్కినవన్నీ ఉప్పునీళ్లే. మేకలు గూడా మూతి పెట్టవు. వాండ్లు వచ్చినాక చేసిన మొదటి పని ఏందో తెల్సా? ఆ బాయి చుట్టూ కంచె వేసినారు."

"ఊళ్లో వాళ్లు ఊరుకున్నారా?"

"పెద్దమనుషులు పోయి అడిగినారు. యుద్ధం జరుగుతా ఉంది, నీళ్లు సైన్యానికి కావాల అన్నాడంట దొర. ఇంటికొక రేకు బిళ్ల ఇచ్చినాడు. పొద్దున్నే బిళ్ల చూపిస్తే ఒక తోలుతిత్తి నీళ్లు పోస్తారు. ఇంట్లో ఇద్దరున్నా అంతే, పదిమందున్నా అంతే."

అప్పుడు హబూబా చిన్నపిల్ల. పళ్లు ఊడి మళ్లీ వస్తున్న వయసని గుర్తు. వాళ్లమ్మ అప్పుడే ప్రసవించింది, మగబిడ్డ. ఇంట్లో ముసలివాళ్లు, పిల్లలు చాలామంది. బాలింతకు తాగడానికి నీళ్లు చాలక పాలు ఇంకిపోయాయి. బిడ్డకు ఉప్పుబావి నీళ్లే కాచి పట్టారు. విరేచనాలు పట్టుకున్నాయి.

"మీ దేశపోళ్లు గూడా ఉండినారు" అని ఒకసారి చెప్పింది. "హిందీలు. విమానాల నేలకు రాళ్లు కొట్టడానికి ఓడలో తెచ్చినారు వాండ్లని. కంచెకు లోపలి పక్క వాండ్లు, బయటి పక్క మేము. వాండ్లకూ నీళ్లు కొలిచే పోసేవాళ్లు. ఒకాయన తన డబ్బాలో సగం మాయమ్మకు కంచె సందులోంచి పోసినాడు. మాట్లాడితే మాకు అర్థం కాదు, మేము మాట్లాడితే ఆయనకు అర్థం కాదు. నోటి దగ్గర చెయ్యి పెట్టి, బిడ్డకు అని సైగ చేసినాడు."

ఆ మనిషిది ఏ ఊరో, ఏ భాషో నాకు ఎప్పటికీ తెలియదు. మా వైపు మనిషైనా కావచ్చు అని చాలాసార్లు అనుకున్నాను.

బిడ్డ మరీ నీరసించిపోయాక హబూబా వాళ్ల నాయన ఒక తెల్లవారుజామున కంచె కిందుగా దూరి బావిలో తిత్తి ముంచాడు. పైకి లాగుతుండగా కాపలావాళ్లు పట్టుకున్నారు. కొట్టలేదు. దొరకు కొట్టడం చాలలేదు. మధ్యాహ్నం నమాజు అయ్యాక ఊరివాళ్లందరినీ ఒడ్డుకు రమ్మని కబురు పంపాడు. వాళ్ల నాయన పడవను ఇసుక మీదికి ఈడ్పించి, దాని మీద పెట్రోలు పోయించి తగలబెట్టించాడు. ఆ పడవ వాళ్ల తాత కట్టించింది. ఇల్లంతా దాని మీదే బతికేది.

"దొంగతనం చేసినాడంట మా నాయన" అనేది హబూబా. ఆ మాట చెప్పినప్పుడల్లా లేచి కూర్చోవడానికి చూసేది, తుంటి నొప్పికి మళ్లీ వాలిపోయేది. "మా బాయిలో మా నీళ్లు తోడుకుంటే దొంగతనమంట."

బిడ్డ ఆ ఎండాకాలం దాటలేదు. పడవ పోయిన మనిషి ఏం చేస్తాడు? ఆ దొర దగ్గరికే కూలికి పోయాడు. తన పడవ తగలబెట్టినవాడి విమానాల కోసం రాళ్లు కొట్టాడు. హబూబా ఇవన్నీ ఏడవకుండా చెప్పేది. వింటున్న నాకే పళ్లు కొరుక్కోవాలనిపించేది.

ఇంగ్లీషాయన సంగతి నాకు మొదట చెప్పింది జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక మేస్త్రీ. ఆ పాత రాతి కట్టడాన్ని బాగుచేసి పర్యాటకులు దిగే గదులుగా మారుస్తున్నారు. అతను ఆ సైట్‌లో పనిచేసేవాడు. తెలుగు మాట వినడానికని అప్పుడప్పుడు మా గేటు దగ్గర ఆగేవాడు.

"అక్కా, మీ ఇంటికి ఎవరో తెల్లాయన వస్తున్నడంట గదా" అన్నాడు. "గా బిల్డింగుల వాళ్ల తాత ఉండెనంట. పెద్ద ఆఫీసరంట. సైటంత మంచిగ ఊడ్వమని చెప్పిండ్రు."

నేను పరుగున లోపలికి వచ్చి చూస్తే బాబా అప్పటికే మస్కట్ నుంచి కారులో దిగి, తల్లికి అదే చెబుతున్నాడు. ఆ అతిథి తాతే ఆ రోజుల్లో ఈ ఊరి దొర. మనవడు తాత తిరిగిన చోటు చూడాలని ఎవరెవరినో అడిగి బాబా నంబరు సంపాదించాడు. ఆ కాలం మనుషులు ఎవరైనా మిగిలి ఉన్నారా అని అడిగాడట. మా అమ్మ ఉంది, రండి అన్నాడు బాబా.

"అమ్మా, ఇంటికొచ్చే అతిథి" అన్నాడు, మంచం అంచున కూర్చుని. "తాత చేసినదానికి మనవడిది తప్పా? రెండు మంచి మాటలు చెప్పు, పంపిద్దాం."

"అతిథికి అన్నం పెడతా" అంది హబూబా గోడవైపే చూస్తూ. "అబద్ధం మాత్రం పెట్టను."

బాబా నవ్వేసి లేచాడు. ముసలితనం అనుకున్నాడు.

ఇంగ్లీషాయన మర్నాడు ఉదయం ఎండ ముదరకముందే వచ్చాడు. అరవై దాటిన మనిషి. ఎండకు చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. మర్యాదగల మనిషేనని ఒప్పుకోవాలి. గుమ్మం బయటే చెప్పులు విప్పాడు, హబూబా ముందు తలవంచి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు, కింద తివాచీ మీద మాతోపాటు కూర్చున్నాడు. బాబా ఖర్జూరాలు, హల్వా, కహ్వా అనే అరబ్బు కాఫీ పెట్టించాడు. హబూబాను చక్రాల కుర్చీలో తెచ్చి అతని ఎదురుగా ఉంచాను. కప్పు పట్టుకుంటే ఆమె చెయ్యి వణుకుతుంది కాబట్టి నేను పక్కనే కూర్చున్నాను.

అతను గుడ్డసంచిలోంచి నల్ల అట్ట ఆల్బమ్ తీశాడు. "మా తాతగారు చివరి రోజుల వరకూ ఈ ఊరి గురించే చెప్పేవారు" అన్నాడు ఇంగ్లీషులో. "జీవితంలో తను సంతోషంగా ఉన్నది ఇక్కడేనట. ఈ అమ్మగారికి ఆయన గుర్తున్నారా?"

బాబా అరబ్బీలో అడిగాడు.

"గుర్తుండాడు" అంది హబూబా. "పొడుగ్గా ఉంటాడు, చేతిలో చిన్న కర్ర. ఆ కర్ర ఎటు చూపిస్తే అటు మేము పోవాల. కుక్కల్ని తోలినట్లు తోలేవాడు."

బాబా అతని వైపు తిరిగాడు. "బాగా గుర్తున్నారట. పొడుగాటి మనిషి, చాలా క్రమశిక్షణ గల ఆఫీసరు అంటోంది."

నేను తల ఎత్తి చూశాను. బాబా నా వైపు చూడలేదు.

అతను ఉత్సాహంగా పేజీలు తిప్పాడు. ఒక ఫోటోలో రాళ్ల గుట్టల మధ్య నడుములు వంచిన మనుషులు. తలలకు గుడ్డలు చుట్టుకుని, ఒంటి మీద బట్ట సరిగా లేదు. నన్ను చూసి స్నేహంగా నవ్వాడు. "నీది ఇండియానా? చూడు, మీవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లంటే మా తాతగారికి చాలా ఇష్టం."

నేను వంగి చూశాను. ఒక్క ముఖం కూడా కనపడలేదు. అన్నీ వీపులే. ఇష్టమైనవాళ్లను ఎవరైనా అలా ఫోటో తీస్తారా?

తర్వాత బావి గురించి చెప్పాడు. "ఊళ్లో నీళ్లకోసం కొట్లాటలు లేకుండా తాతగారు బిళ్లల పద్ధతి పెట్టారట. అందరికీ సమానంగా. ఆ ఏర్పాటంటే ఆయనకు చాలా గర్వం."

బాబా ఆ మాట హబూబాకు అరబ్బీలో చెప్పాడు. "మా తమ్ముడు సచ్చిపోయినాడని చెప్పు" అంది కొడుకుతో. "ఉప్పునీళ్లు తాగి సచ్చిపోయినాడు. వానికి పేరు పెట్టి ఎన్నాళ్లో గూడా కాలేదు. అది చెప్పు."

బాబా ఒక్క క్షణం కహ్వా కప్పులోకి చూశాడు. "అవి చాలా కష్టకాలాలు అంటోంది" అన్నాడు ఇంగ్లీషులో. "ఉన్న నీళ్లే అందరూ పంచుకున్నారట."

పంచుకున్నారట! నా ఒళ్లు మండిపోయింది. చెప్పింది కన్నతల్లి, చచ్చింది సొంత మేనమామ. అతిథి మనసు నొచ్చుకోకూడదని ఆ చావును హల్వా కింద కప్పేశాడు. నేనెవరిని? పనిమనిషిని. నోరు విప్పడానికి నాకేం హక్కు అని పళ్లు బిగబట్టాను.

అతను ఇంకో పేజీ తిప్పాడు. "ఇది నాకు చాలా ఇష్టమైనది" అన్నాడు. "సముద్రపు ఒడ్డున పార్టీ. క్రిస్మస్ అయి ఉంటుంది. పెద్ద మంట వేసుకున్నారు చూడండి."

ఇసుక మీద పెద్ద మంట. ముందు నిక్కర్లు తొడుక్కున్న తెల్లవాళ్లు ముగ్గురు, నడుము మీద చేతులు. మధ్యవాడి చేతిలో చిన్న కర్ర. ఎడమ అంచున ఊరివాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. మంటలోంచి వంపు తిరిగిన చెక్కలు, పక్కటెముకల్లా, పైకి కనిపిస్తున్నాయి.

అది ఏమిటో నాకు వెంటనే తెలిసిపోయింది. హబూబాకు ఒక కంటికే చూపు ఉంది. "దగ్గరికి పట్టు" అంది. పట్టాను. ఆమె చాలాసేపు చూసింది. వేలు మెల్లగా జరిగి ఎడమ అంచున ఆగింది. అక్కడ ఒక మనిషికి రెండు పక్కలా సిపాయిలు.

"నాయన" అంది. చిన్నపిల్ల గొంతుతో అంది. తర్వాత ఆమె గొంతు ఆమెకు తిరిగి వచ్చింది. "ఇది మా పడవ. ఈయన మా నాయన. నీళ్లు తోడుకున్నందుకు ఇతని తాత మా పడవ కాల్చినాడు. ఊరందరినీ పిలిచి, చూడండి అని కాల్చినాడు. చెప్పు ఈయనకు."

బాబా ముఖం పాలిపోయింది. ఈ కథ ఆయనకు తెలియక కాదు. దాని ఫోటో ఉంటుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. ఇంగ్లీషులో ఇలా అన్నాడు: "ఈ ఫోటోలో వాళ్ల నాన్న కూడా ఉన్నారట. అందుకే అమ్మ ఇంతగా కదిలిపోయింది."

అతని కళ్లు చెమ్మగిల్లాయి. "ఎంత అద్భుతం!" అన్నాడు. "అయితే పార్టీకి ఊరివాళ్లను కూడా పిలిచారన్నమాట!" అని నవ్వాడు.

ఆ నవ్వు హబూబా చూసింది. ఆమె కొడుకును అడగలేదు. నన్ను అడిగింది. "ఎందుకు నవ్వుతున్నాడు, బింతీ? నా కొడుకు ఏం చెప్పినాడు?"

బాబా నా వైపు చూశాడు. వద్దు అని ఆ చూపులో రాసి ఉంది. ఆ ఇంట్లో నా తిండి, నా వీసా, నా చోటు అన్నీ ఆ మనిషి చేతిలో ఉన్నాయి. కానీ అడిగింది ముసలమ్మ, నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"మీరు చెప్పింది చెప్పలేదు, హబూబా" అన్నాను.

"అయితే నువ్వు చెప్పు."

నాది బడి ఇంగ్లీషు. చిన్న చిన్న వాక్యాల్లో చెప్పాను. "సార్, ఇది పార్టీ కాదు. ఈ మంట వీళ్ల నాన్న పడవ. మీ తాత తగలబెట్టాడు. వీళ్ల నాన్న తమ బావిలో నీళ్లు తీసుకున్నాడు, అందుకు. వీళ్ల తమ్ముడు నీళ్లు లేక చనిపోయాడు. పసిబిడ్డ. వీళ్లను పార్టీకి పిలవలేదు. చూడమని నిలబెట్టారు."

అతను ఆల్బమ్‌ను తన వైపు తిప్పుకుని, మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "నాకు తెలియదు" అన్నాడు. ఆ మాట నిజమేనని నేను నమ్ముతున్నాను. అక్కడితో ఆగి ఉంటే నాకు అతని మీద కోపం వచ్చేది కాదేమో. అతను ఆగలేదు. "అయినా అది యుద్ధకాలం. అందరూ బాధపడ్డారు. మా నగరం మీద కూడా బాంబులు పడ్డాయి. ఆయన మీదా పైనుంచి ఒత్తిడి ఉండి ఉంటుంది."

నేను అదంతా హబూబాకు చెప్పాను. ఒక్క మాట వదలకుండా చెప్పాను.

"ఎవరి యుద్ధం?" అంది హబూబా. "మా ఊళ్లో ఎవరైనా ఎవరితోనైనా కొట్లాడినారా? మేము చేపలు పట్టుకుంటా ఉండినాము. సరే, అందరికీ కష్టమే అంటున్నాడు కదా. ఆ ఎండాకాలం ఆయన తాత రోజూ స్నానం చేసినాడు. సబ్బునీళ్లు కంచె కిందనుంచి బయటికి పారేవి. నురుగు చూడడానికి మేము పిల్లలం పరిగెత్తేవాళ్లం. ఆ నురుగు పక్కనే నిలబడి మాయమ్మ బిళ్ల చూపించేది. అడుగు ఈయన్ని, మీ ఊళ్లో బాంబులు పడినప్పుడు నీ తాత నురుగు ఎవరి బాయిలోదని."

ఇది ఇంగ్లీషులో చెప్పడానికి నా చదువు సరిపోలేదు. తడబడుతూనే చెప్పాను. అతనికి అర్థమైంది. ఎర్రగా ఉన్న ముఖం ఇంకా ఎర్రబడింది.

అప్పుడు హబూబా చెయ్యి చాచింది. "ఈ ఫోటో నాకు కావాల. మా నాయన మొహం నేను మర్చిపోయినాను. ఇంట్లో ఒక్క ఫోటో లేదు. ఆ కాలంలో మాకెవరు తీస్తారు?"

అతను తటపటాయించాడు. వేళ్లు ఆల్బమ్ అట్ట మీద బిగుసుకున్నాయి. "ఇది అసలు ప్రతి" అన్నాడు నాతో. "మా కుటుంబపు జ్ఞాపకం. పేజీ చించితే ఆల్బమ్ పాడవుతుంది. కాపీ తప్పకుండా పంపిస్తాను, మాట ఇస్తున్నాను."

"అసలుదంట" అన్నాను హబూబాతో. "ఇవ్వలేడంట. కాపీ పంపుతాడంట."

హబూబా చాచిన చెయ్యి ఒళ్లోకి తీసుకుంది. నాకు అప్పుడు కలిగిన మంట ఇప్పటికీ చల్లారలేదు. కాలిన పడవ వీళ్లది, నిలబెట్టిన మనిషి వీళ్ల మనిషి, చచ్చిపోయిన బిడ్డ వీళ్ల బిడ్డ. జ్ఞాపకం మాత్రం వాళ్ల కుటుంబానిది! దొర బావికి కంచె వేశాడు, మనవడు ఆల్బమ్‌కు వేశాడు. ఇద్దరూ మర్యాదస్తులే.

అతను హల్వా ముట్టకుండా వెళ్లిపోయాడు. కారు కదలగానే బాబా నా మీద విరుచుకుపడ్డాడు.

"నా ఇంట్లో, నా అతిథిని అవమానిస్తావా? రేపే సామాను సర్దుకో, అల్ ఖౌద్ పోదువుగాని."

"ఆమెకు చెప్పమన్నది నేను" అంది హబూబా లోపలినుంచి. "ఆమె పోతే నా చేతికి అన్నం అందించేది ఎవరో చూసుకో. నేను ముట్టను. ఇంకో మాట. అతిథికి అవమానం జరిగిందంటున్నావే, మరి ఆ ఫోటోలో నిలబడింది ఎవరు? నీ తాత కాదూ?"

బాబా ఆ సాయంత్రమే మస్కట్ వెళ్లిపోయాడు. నేను సామాను సర్దుకోలేదు.

మరుసటి రోజు మేస్త్రీ గేటు దగ్గర ఆగాడు. ఊరంతా తెలిసిపోయినట్టుంది.

"గట్లెట్ల మాట్లాడినవక్కా? పని వోతే ఏంజేస్తవ్?"

"పోతే పోతుంది తమ్ముడూ. ఇంకేం చేసేది?"

"మంచిగనే జేసినవ్ తియ్" అన్నాడు. "ఆ ఫోటోలల్ల మనోళ్లు గూడ ఉన్నరంట గదా. మొఖాలు కనవడ్డయా?"

"లేదు. వంగి రాళ్లు ఎత్తుతా ఉన్నారు. వీపులే కనపడినాయి."

అతను తల ఊపి, సైట్ వైపు చూశాడు. "ఇప్పుడు దీస్తే మావి గూడ గట్లనే వస్తయ్" అన్నాడు. నవ్వలేదు.

కాపీ వెంటనే రాలేదు. ఒక పండగ వచ్చి పోయింది. బాబా ఒకసారి గుర్తుచేశాడట, రెండోసారి కూడా. చివరకు ఆయన ఫోనుకు వచ్చింది. ఆ శుక్రవారం ఊరికి వచ్చినప్పుడు ఫోను తల్లి చేతికి ఇచ్చాడు. "ఇదిగో, పంపించాడు. మాట తప్పలేదు చూడు" అన్నాడు నా వైపు ఒక చూపు విసిరి.

నేను హబూబా భుజం మీదుగా చూశాను. ముగ్గురు తెల్లవాళ్లు, మంట. అంతే. ఎడమ పక్క లేదు. అతను ఆల్బమ్‌ను ఫోనుతో తీసేటప్పుడు ఊరివాళ్ల వరస బయటే ఉండిపోయింది. కావాలని చేశాడని నేను అనను. తన కంటికి ఫోటో అంటే ఆ ముగ్గురే. అది మరీ ఘోరం అనిపించింది నాకు.

హబూబాకు ఆ సంగతి తెలియలేదు. వేలితో వెతికింది. ఫోను అద్దం మీద బొమ్మ జరుగుతుందని మనవలు ఎప్పుడో చూపించారు. ఎడమ పక్క ఇంకా ఉంటుందని బొమ్మను కుడివైపు తోసింది. అది కొద్దిగా జరిగి వెనక్కి వచ్చేసింది. మళ్లీ తోసింది. మళ్లీ వచ్చేసింది. "నాయన యాడ?" అంది. "ఈ పక్కనే కదా ఉండినాడు." మళ్లీ తోసింది.

బాబా చూస్తూ నిలబడ్డాడు. ఆయన తల్లి చేతిలోంచి ఫోను మెల్లగా తీసుకుని వాకిట్లోకి పోయాడు. నంబరు కలిపాడు. తలుపు తెరిచే ఉంది, ఆయన గొంతు లోపలికి వినిపించింది. ఇంగ్లీషులో, గట్టిగా, నింపాదిగా మాట్లాడాడు. "మీరు నా తాతను కోసేశారు" అన్నాడు. "ఆ రోజు నేను మీకు సరిగ్గా అనువదించలేదు. ఇప్పుడు చెబుతాను, వినండి." బావి, కంచె, బిళ్ల, బిడ్డ, పడవ. నేను చెప్పినవన్నీ చెప్పాడు, నాకు చేతకానివి కూడా చెప్పాడు. దొర సబ్బునీళ్ల సంగతి కూడా. నేను హబూబా పక్కన కూర్చుని ఆమెకు అరబ్బీలో చెబుతూ పోయాను.

"వదిలిపెట్టకుండా చెప్తున్నాడా?" అని అడిగింది.

"అంతా చెప్తున్నాడు."

ఈసారి పూర్తి ఫోటో వచ్చింది. బాబా దాన్ని సూర్‌లో ఒక స్టూడియోలో పెద్దది చేయించి తెచ్చాడు. హబూబా దాన్ని ఒళ్లో పెట్టుకుని భూతద్దంతో చూసింది. "ఇంత సన్నగా ఉండినాడా?" అంది ఆశ్చర్యంగా. "నాకు పెద్ద మనిషిగా గుర్తు." తర్వాత, "కళ్లు దించలేదు చూసినావా" అంది. నిజమే. వరసలో ఉన్న ఊరివాళ్లంతా ఇసుక వైపు చూస్తున్నారు. ఆయన ఒక్కడే కెమెరా వైపు చూస్తున్నాడు.

"ఆ ముగ్గురినీ కత్తిరించేద్దామా?" అన్నాను. వంటింట్లోంచి కత్తెర తెచ్చేదాన్నే. నాకు అంత కసిగా ఉంది.

"ఎందుకు? ఉండనీ" అంది. "కాల్చినోడు గూడా కనపడాల. లేకుంటే రేపు మా మనవళ్లు, పడవ దానంతటదే కాలిపోయింది అనుకుంటారు."

ఇప్పుడు నేను మా ఊరు వచ్చేశాను. ఆ ఫోటో వాళ్ల ఇంట్లో అతిథులు కూర్చునే గదిలో గోడకు ఉంది. ఎవరైనా అడిగితే బాబానే చెబుతున్నాడని అప్పుడప్పుడు ఫోన్‌లో హబూబా చెబుతుంది. ఇక్కడ నేను ఈ సంగతి చెప్పినప్పుడు కొందరు, ఇంకేం, ఫోటో వచ్చింది కదా, ఎనభై ఏళ్ల కిందటి మాట కదా అంటారు. వచ్చింది కాపీ. అసలుది ఆ నల్ల అట్ట ఆల్బమ్‌లోనే ఉంది, సముద్రాల అవతల ఎవరి బీరువాలోనో. దాని కింద తెల్ల సిరాతో దొర చేతిరాత ఉంది. ఆ రోజు హబూబాకు దగ్గరగా పట్టినప్పుడు నేను చదివాను. ఒక్క మాటే: పిక్నిక్. ఆ మాటను ఇప్పటికీ ఎవరూ కొట్టేయలేదు.